అల్లుడు పెట్టిన గుడ్డు

అల్లుడికి మూడు రోజులుగా ఏదీ నచ్చడం లేదు. క్యారెట్ తురిమి పెడితే గిన్నెతో సహా బోర్లించాడు. ఆపిల్ ముక్క వంక ఓరగా ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజల్లో ఒక్కటంటే ఒక్కటి తిని, మిగిలినవన్నీ తీరిగ్గా ఊచల సందుల్లోంచి బయటికి విసిరాడు.

"ఏం రోగం నీకు?" అన్నాడు అద్దాలాయన, నేలమీద గింజలు ఏరుతూ.

పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, గుప్పెడంత ప్రాణం. ఆ చిలుకకి అల్లుడని పేరు పెట్టింది ఆయన భార్య. వచ్చిన మొదటి రోజే తేల్చేసింది. "పెట్టింది తినడు, పెట్టనిది కావాలంటాడు, చీటికీ మాటికీ అలుగుతాడు. ఇంకేం, అల్లుడే" అంది. కూతురు లేని ఇంటికి అల్లుడెలా వచ్చాడని చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది. పన్నెండేళ్ళు ఆ పేరే నిలిచిపోయింది.

ఆవిడ పోయి ఏడు నెలలయింది. అల్లుడు ఆవిడ మనిషి. ఆవిడ భుజమ్మీద కూర్చుని, ఆవిడ చెవి వెనకాల వెంట్రుకలు దువ్వి, ఆవిడ పళ్ళెంలోంచి తినేవాడు. అద్దాలాయన చెయ్యి దగ్గరికొస్తే కరిచేవాడు. ఆయన వేళ్ళనిండా గాట్లే. కొన్ని అద్దాలు అరగదీసే చక్రం వల్ల పడినవి, కొన్ని అల్లుడు పెట్టినవి. చూపిస్తే ఏది ఎవరిదో ఇప్పటికీ చెప్పగలడు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే మిగిలారు కాబట్టి ఒకరినొకరు భరిస్తున్నారు. చిలుకకి మాటలు రావు. వచ్చినదల్లా వీధి తలుపు గడియ తీసిన చప్పుడు. ఎవరో వచ్చారనుకుని ఆయన తల తిప్పి చూడటం, ఎవరూ లేకపోవడం, మళ్ళీ టీ కప్పు వైపు తిరగడం, రోజుకి నాలుగైదుసార్లు జరుగుతుంది.

పొద్దున్నే నీళ్ళు మరిగేలోగా పంజరం తలుపు తీసి పెట్టడం అలవాటు. ఇదివరకు అల్లుడు ఎగిరి కిటికీ మీద వాలేవాడు. ఈ మూడు రోజులుగా ఎగరడం లేదు. నేలమీదికి దిగి, రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంటూ, పెద్దమనిషిలా నడుచుకుంటూ లోపలి గదిలోకి పోతున్నాడు. అక్కడ బీరువా అడుగు అరలోకి దూరి, అరలో పరిచిన కాగితాన్ని సన్నటి పీలికలుగా చీలుస్తున్నాడు.

ఆ కాగితం ఆయన అక్క పరిచింది. భార్య పోయి వారం తిరక్కుండానే, ఆయన దుకాణంలో ఉండగా వచ్చి, బీరువాలో బట్టలూ చెప్పులూ దువ్వెనలూ అన్నీ మూటలు కట్టి ఎవరెవరికో ఇచ్చేసి, అరలన్నీ తుడిచి కొత్త కాగితం వేసింది. సాయంత్రం ఆయన బీరువా తలుపు తీసి నిలబడ్డాడు. వంటగదిలో అక్క టీ కలుపుతూ, "కళ్ళముందు ఉంటే కోలుకోలేవురా" అంది. ఆయన తలుపు వేసి, "చక్కెర తక్కువ వెయ్యి" అన్నాడు. ఆ తర్వాత అక్కతో అవసరానికి మించి మాట్లాడింది లేదు.

మంగళవారం పొద్దున అరలోంచి అల్లుణ్ణి లాగడానికి వంగినప్పుడు కాగితప్పీలికల మధ్య తెల్లగా ఏదో కనిపించింది. బొటనవేలి పై కణుపంత ఉంది. చిలుక నీళ్ళకోసం పంజరం దగ్గరికి నడిచి వెళ్ళేదాకా ఆగి, చెయ్యి పెట్టి తీశాడు. గోరువెచ్చగా ఉంది.

ఆయన చాలాసేపు అలాగే గొంతుకూర్చుని ఉండిపోయాడు. పన్నెండేళ్ళ అల్లుడు గుడ్డు పెట్టాడు.

*

దుకాణంలో ఆయన చోటు వెనకాల, చెక్క తడిక అవతల. ముందు గదిలో వచ్చినవాళ్ళు ఫ్రేములు పెట్టుకుని నిలువుటద్దంలో చూసుకుంటుంటారు. వెనకాల ఆయన గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి గీత గీసి, కోసి, నీళ్ళు చిమ్మే చక్రం మీద అంచు అరగదీసి, కాస్త వేడిచేసిన ఫ్రేములో బొటనవేళ్ళతో నొక్కి కూరుస్తాడు. అద్దం టక్కున కూర్చుంటే ఆ చప్పుడు వేళ్ళకి తెలుస్తుంది. ఇరవై ఆరేళ్ళలో ఆయన కళ్ళల్లోకి చూడకుండానే కళ్ళజోళ్ళు తొడిగిన జనం ఊళ్ళో సగం మంది ఉంటారు.

ఆ రోజు కళ్ళజోడు డబ్బాలో దూది పరిచి గుడ్డును వెంట తెచ్చుకున్నాడు. గీతలు పడ్డాయేమో చూడ్డానికి వాడే సన్నటి దీపం ముందు దాన్ని పట్టుకున్నాడు. పెంకులోంచి వెలుగు గులాబీరంగులో వచ్చింది. లోపల నీడ లేదు, నరం లేదు. ఖాళీ వెలుగు.

దుకాణం యజమాని తడిక మీదుగా తొంగి చూశాడు. తండ్రి తర్వాత దుకాణం అతనికి వచ్చింది. అద్దాలాయన్ని చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు.

"అదేంటి బాబాయ్? ఎవరి కన్ను పీక్కొచ్చావు?"

"మా అల్లుడు గుడ్డు పెట్టాడు."

యజమాని ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత తడిక పట్టుకుని నవ్వాడు. "అల్లుడు గుడ్డు పెట్టడమేంటి! అయితే ఇన్నాళ్ళూ కోడల్ని పట్టుకుని అల్లుడంటున్నావా?"

"చూస్తే తెలిసే రకం కాదట."

"పిల్ల వస్తుందా?"

"తోడు లేదుగా. ఉత్త గుడ్డు."

"మరేం చేస్తావు?"

ఆయన ఆ సంగతి దార్లోనే ఆలోచించుకున్నాడు. ఉత్త గుడ్డు మీద కూర్చుని ఆ ప్రాణి ఎదురుచూడటం ఎందుకు? అలవాటు పడకముందే కళ్ళముందునుంచి తీసేస్తే మర్చిపోతుంది. గుడ్డును అద్దాలపొడి పోసే చెత్తబుట్టలో వేసి, పైన ఇంత తడిపొడి కప్పాడు. యజమాని "ముందు ఆ పంతులమ్మగారి జోడు చూడు బాబాయ్, పదకొండింటికి వస్తానన్నారు" అన్నాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి పంజరం తెరిచేసరికి చిలుక దిగి నేరుగా బీరువా దగ్గరికి పోయింది. అరలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. పీలికల్ని ముక్కుతో ఎత్తి చూసింది. అరలోంచి బయటికి వచ్చి బీరువా కింద చూసి, మళ్ళీ అరలోకి పోయింది. ఆయన కూర గిన్నె పొయ్యిమీద పెట్టుకుని గుమ్మంలోంచి ఇదంతా చూశాడు. "లేదు. పో" అన్నాడు. చివరికి చిలుక ఖాళీ చోటులోనే రెక్కలు కాస్త విప్పి కూర్చుంది. కూర అడుగంటిన వాసన వస్తే గానీ ఆయనకి పొయ్యి గుర్తు రాలేదు.

గురువారం రెండో గుడ్డు. అదీ తీసేశాడు. ఈసారి అరకి అడ్డంగా పాత సూట్‌కేసు జరిపి పెట్టాడు. శనివారం అల్లుడు పంజరం అడుగునే మూడో గుడ్డు పెట్టాడు. అదీ తీసేశాడు. చిలుక వెనక్కి తిరిగేలోగా చెయ్యి పెట్టి తియ్యడం ఆయనకి బాగా అలవాటైపోయింది. మూడోసారి మాత్రం అది చూసింది. కరవలేదు. ఊచలు పట్టుకుని ఆయన గుప్పిటనే చూస్తూ ఉండిపోయింది. కరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

*

ఆదివారం అక్క వచ్చింది. ఆమె రావడమంటే ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వేలితో దుమ్ము తీసి చూడటం, వంటగదిలో గిన్నెలు ఉన్నచోటునుంచి ఇంకోచోటికి మార్చడం, ఆ తర్వాత కూర్చోవడం. గుడ్ల సంగతి విని నడుమ్మీద చేతులు పెట్టుకుని పంజరం ముందు నిలబడింది.

"ఏరా, ఇన్నేళ్ళొచ్చాక నేనింకేం వినాలో! నీళ్ళోసుకున్న అల్లుణ్ణి ఎక్కడైనా చూశామా?"

ఆయన కూడా నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో, బుగ్గలు పట్టేసినట్టనిపించింది.

అక్క ఆ నవ్వు చూసి వీలు దొరికిందనుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అసలు విషయం విను. మా ఆయన స్నేహితుడొకాయన ఇంటి వెనకాల గదంత పంజరం కట్టించాడు. ముప్ఫై పక్షులున్నాయి. దీన్ని ఇస్తే కళ్ళకద్దుకుంటానన్నాడు. దీనికీ తోడు దొరుకుతుంది. నీకూ ఈ చాకిరీ తప్పుతుంది."

"చాకిరీ ఏముంది?"

"నీ వేళ్ళు చూసుకో ఒకసారి. పెంచింది మరదలు. అది పోయింది. దాని వస్తువుల్లో ఇదొక్కటీ మిగిలిపోయింది. పొద్దున లేస్తే దీని మొహం చూస్తావు, అది గుర్తొస్తుంది, మళ్ళీ మొదటికొస్తావు. నేను చూడ్డం లేదా?"

ఆయన నేలమీద పడ్డ గింజ ఒకటి తీసి బల్ల అంచున పెట్టాడు.

"బుధవారం పొద్దున చిన్న పంజరం తీసుకొస్తాను. సరేనా?"

"చూద్దాంలే అక్కా."

చూద్దాంలే అంటే సరే అన్నట్టే అక్కకి. ఆ సంగతి తెలిసే అన్నాడాయన. ఆమె వెళ్ళాక పంజరం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అక్క చెప్పింది తప్పేమీ కాదు. ముప్ఫై పక్షులున్నచోట ఇది సుఖంగానే ఉండొచ్చు. పొద్దున లేచి క్యారెట్ తురమనక్కర్లేదు. గడియ చప్పుడు వినబడదు. వినబడకపోతే తల తిప్పే పని కూడా ఉండదు. అంతవరకూ ఆలోచించి, చేతిలో ఉన్న గుడ్డతో పంజరం మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. తుడవాల్సినంత దుమ్ము లేదు.

*

సోమవారం పొద్దున చిలుక కొమ్మమీద లేదు. పంజరం అడుగున, మూలకి ఒదిగి, ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా కూర్చుని ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతోంది. చెయ్యి పెట్టి ఎత్తితే కరవలేదు, గింజుకోలేదు. పన్నెండేళ్ళలో అది ఆయన అరచేతిలో కూర్చోవడం అదే మొదటిసారి. అంత బరువు తక్కువగా ఉంటుందని ఆయనకి తెలియదు.

వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి, అట్టపెట్టెలో దాని పక్కన చిలుకని పెట్టుకుని, బస్సుకోసం ఆగకుండా నడిచాడు. పక్షుల డాక్టరు పేరూ ఫోను నంబరూ భార్య రాసిపెట్టిన చీటీ వంటగది గోడకే ఉంది కానీ, అక్కడికి వెళ్ళాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు. అవన్నీ ఆవిడే చూసుకునేది.

డాక్టరు ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మాట మెత్తన. చిలుక పొట్టమీద రెండు వేళ్ళు పెట్టి చూసి, "గుడ్డు అడ్డం పడింది" అని, నాలుగు చుక్కల మందు నోట్లో పోసి, వెచ్చటి ఆవిరి పట్టే గాజుపెట్టెలో దాన్ని కూర్చోబెట్టింది. అప్పుడు అడిగింది.

"ఇది ఎన్నో గుడ్డండీ?"

"నాలుగోది."

"ముందువి మూడూ దాని దగ్గరే ఉన్నాయా?"

"లేవు. ఎప్పటికప్పుడు తీసేశాను. అది చూడకముందే."

డాక్టరు చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగింది. "అందుకేనండీ. దీనికి నాలుగైదు గుడ్లు ఒక కాన్పు. దగ్గర అన్ని కనిపిస్తే ఇక పెట్టడం ఆపి, కూర్చుంటుంది. మీరు తీసేసిన కొద్దీ దాని లెక్క మొదటికొస్తుంది. పెంకు కట్టడానికి ఒంట్లో సున్నం చాలక ఎముకల్లోంచి లాగుతుంది. ఇలా ఇంకో రెండు పెడితే మనకి దక్కదు."

"ఉత్త గుడ్లే కదండీ. వాటిమీద కూర్చుని ఏం చేస్తుంది?"

"కూర్చోనివ్వాలి. మూడు వారాలు కూర్చుని, ఏమీ రాదని దానికే తెలిశాక లేస్తుంది. లేచాక ఇటు తిరిగి చూడదు. మనం తీస్తే మాత్రం వెతుకుతూనే ఉంటుంది." డాక్టరు బల్ల సొరుగులోంచి కార్డు ఒకటి తీసి చూసుకుంటూ, "పోయినసారి మీ ఆవిడ ఎంత బాగా చూసుకున్నారు! ఆవిడ రాలేదేమండీ?" అంది.

"పోయింది. ఏడు నెలలు." ఆయన కార్డు వైపు చూశాడు. "పోయినసారి ఏమిటి?"

డాక్టరు కార్డు మీంచి తలెత్తింది. తర్వాత కార్డును ఆయనవైపు తిప్పింది. నాలుగేళ్ళ కిందటి తేదీ. నాలుగు గుడ్లు. ఇరవై మూడు రోజులు కూర్చుంది. తనంతట తనే లేచింది.

అద్దాలాయన ఆ మూడు ముక్కలూ చాలాసార్లు చదివాడు. నాలుగేళ్ళ కిందట ఒక రోజు భార్య లోపలి గది తలుపు దగ్గరికి వేసి, "అల్లుడు అలిగాడు. నేను బతిమాలుకుంటున్నాను. మీరు లోపలికి రాకండి, మీ మొహం చూస్తే ఇంకా అలుగుతాడు" అంది. ఆయన నవ్వి, పరుపు తెచ్చుకుని ముందు గదిలో వేసుకున్నాడు. మూడు వారాలు. అలక తీరిందా అని రోజూ అడిగేవాడు. ఇంకా లేదు అనేది.

"నాకు చెప్పలేదు" అన్నాడు.

"మీకు చెప్పొద్దనే అన్నారండీ."

"ఎందుకు?"

డాక్టరు గాజుపెట్టెలో చిలుకని చూసింది. "చెప్పొచ్చో లేదో నాకు తెలీదు. 'ఆయనకి తెలిస్తే నేను చూడకముందే తీసేస్తారు' అన్నారు ఆవిడ. 'మంచికే తీసేస్తారు, పాపం, ఆయనకి అంతకంటే తెలీదు' అన్నారు. చిలుక లేచాక ఒకసారి ఒక్కరే వచ్చారు. అది లేచిందని చెప్పి, మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుని వెళ్ళారు."

ఆయన కుర్చీ చేతుల్ని చూసుకున్నాడు. రంగు పోయి, చెక్క నున్నగా తేలింది.

పంతొమ్మిదేళ్ళ కిందట, ఆస్పత్రిలో భార్యకి ఆడపిల్ల పుట్టి, ఏడవకుండానే పోయింది. ఆవిడ ఇంకా ఆ మంచమ్మీదే ఉంది. ఆయన ఇంటికి వచ్చి ఊయల విప్పాడు. మడతపెట్టిన చిన్న చొక్కాలూ, ఉన్ని టోపీలూ, గిలక్కాయా ఏవీ మిగల్చకుండా బయటికి పంపించాడు. లోపలి గది బకెట్లకొద్దీ నీళ్ళతో కడిగాడు. మర్నాడు దుకాణానికి పోయాడు. మూడోరోజు ఆవిడ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి ఆ గది గుమ్మంలో నిలబడింది.

"నేలెవరు కడిగారు?" అంది.

"నేనే."

"బాగా కడిగారు" అంది ఆవిడ. ఆ విషయం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ తేరుకుందనీ, తను చేసింది మంచిపనేననీ ఆయన పంతొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాడు.

గాజుపెట్టెలో చిలుక ఒకసారి ఒళ్ళంతా బిగించి, వదిలేసింది. "వచ్చేసింది" అంది డాక్టరు. గుడ్డు పెంకు గరుగ్గా, పలచగా ఉంది. "సాయంత్రం దాకా ఇక్కడ వెచ్చగా ఉండనివ్వండి. మీరు ఈలోగా ఇలాంటివి ఇంకో మూడు సంపాదించండి. రాయో, చెక్కో, ప్లాస్టిక్కో. సైజూ బరువూ కుదిరితే చాలు, నమ్ముతుంది."

*

దుకాణంలో ఫ్రేములు నిలబెట్టే పాత స్టాండు ఒకటి మూలపడి ఉంది. దాని కాళ్ళు తెల్లటి గట్టి ప్లాస్టిక్ కడ్డీలు. అద్దాలాయన ఒక కాలు ఊడదీసి మూడు ముక్కలు కోశాడు. డాక్టరు దగ్గర గుడ్డు కొలతలు చీటీ మీద రాసుకొచ్చాడు. నీళ్ళ చక్రం నడిపి, ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ ఒక కొస మొద్దుగా, ఇంకో కొస కాస్త సన్నగా అరగదీశాడు. చక్రం మీద ఇన్నేళ్ళూ ఆయన చేసిందంతా చదునైన పని, అంచుల పని. గుండ్రం చేతికి లొంగలేదు. మొదటిది గుడ్డులా కాక బంగాళాదుంపలా వచ్చింది. పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

యజమాని వచ్చి తడిక దగ్గర నిలబడ్డాడు. "పొద్దున ఆలస్యం, ఇప్పుడిది. ఏ పవరు బాబాయ్ ఇవి? ఎవరికి?"

"అల్లుడికి."

యజమాని నవ్వబోయాడు గానీ ఆయన మొహం చూసి మానుకున్నాడు. "సాయంత్రం నాలుగు జోళ్ళు ఇవ్వాలి మరి" అని మాత్రం అని ముందుకి పోయాడు. పోయినవాడు మళ్ళీ వచ్చి, స్టాండు రెండో కాలు కూడా ఊడదీసి బల్లమీద పెట్టి వెళ్ళాడు.

మూడూ కుదిరేసరికి మూడయింది. నునుపు చేసే గుడ్డ మీద రుద్దితే అద్దంలా మెరిశాయి. మెరుపు ఎక్కువైందని గరుకు కాగితంతో మళ్ళీ మసకబరిచాడు. సన్నటి బరమాతో తొలిచి బరువు తగ్గించాడు. ఆ తర్వాత తలెత్తకుండా నాలుగు కళ్ళజోళ్ళు పూర్తిచేశాడు.

ఇంట్లో బీరువాకి అడ్డంగా ఉన్న సూట్‌కేసు తీసి, అరలో తన పాత చొక్కా ఒకటి మడిచి పరిచాడు. దానిమీద నాలుగూ పెట్టాడు, పలచటి పెంకుదీ, తను చేసినవి మూడూ. చిలుకని పెట్టెలోంచి దించి, గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాడు.

చిలుక మెల్లగా అరలోకి నడిచింది. మొదటిదాన్ని ముక్కుతో దొర్లించింది. రెండోదాన్ని నాలుకతో తాకింది. మూడోదాని దగ్గర ఆగి, తల పక్కకి వంచి, ఒంటి కన్నుతో గుమ్మం వైపు చూసింది. ఆయన గుమ్మం చాటుకి జరిగాడు. అప్పుడది ముక్కుతో ఒక్కొక్కదాన్నే పొట్ట కిందికి లాక్కుని, రెక్కలు కాస్త విప్పి, సర్దుకుని, సర్దుకుని, కూర్చుంది.

*

బుధవారం అక్క చిన్న పంజరంతో దిగింది. ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఇవ్వడం లేదక్కా."

"అదేంట్రా, ఆదివారం సరేనన్నావుగా? ఆయనకి మాటిచ్చాను."

"గుడ్లమీద కూర్చుంది."

"ఉత్త గుడ్లన్నావుగా?"

"ఉత్తవే. మూడు నేను చేసినవి."

అక్క పంజరం కింద పెట్టి తమ్ముడి మొహంలోకి పరీక్షగా చూసింది. జ్వరమేమైనా ఉందా అన్నట్టు చెయ్యి ఎత్తబోయి దించేసింది. "ఎన్నాళ్ళు ఇలా?"

"అది లేచేదాకా."

ఇద్దరూ వంటగదిలోకి వచ్చారు. అక్క అలవాటు చొప్పున టీ నీళ్ళు పెట్టింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజు పాప బట్టలు ఎవరికిచ్చాం?"

"ఏ పాప?" అంది అక్క. అన్నాక చేతిలో చెంచా ఆగిపోయింది. నీళ్ళు మరిగి పొంగబోతుంటే మంట తగ్గించి, అటే తిరిగి చెప్పింది. "ఎవరికిచ్చామో ఎవరికి గుర్తు? నువ్వేగా తొందరపెట్టావు. సాయంత్రం లోపల గదిలో పుల్ల కూడా కనబడకూడదన్నావు. ఊయల పట్టుకోవడానికి ఇంకో మనిషి లేక నేను ఓ చెయ్యి వేశాను."

"అవును. నేనే."

"నువ్వు ఏడుస్తూనే ఉన్నావు, విప్పుతూనే ఉన్నావు. ఇలా చేస్తే దానికి మంచిది అక్కా, ఇలా చేస్తేనే బతుకుతుంది అన్నావు." ఆమె కప్పుల్లో టీ పోసి, ఒకటి ఆయనకి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది. "మరదలు పోయాక నాకు అదే గుర్తొచ్చింది. తమ్ముడికి ఏం చెయ్యాలో నాకేం తెలుసు? నువ్వు నేర్పిందే చేశాను. అప్పట్నుంచి నువ్వు నాతో మాటే మానేశావు. నేను చేసిన తప్పేంటో ఈరోజుకీ నాకు తెలీదురా."

ఆయన కప్పు అందుకున్నాడు. చక్కెర ఎక్కువైంది. ఏమీ అనకుండా అడుగుదాకా తాగాడు.

"నీ తప్పేం లేదు" అన్నాడు.

అక్క ముక్కు చీదుకుని, లోపలి గది గుమ్మం దాకా వెళ్ళి, మెడ సాచి చూసింది. అరలోంచి చిలుక ఈకలు నిక్కబొడుచుకుని బుస్సుమంది. "అబ్బో, మహారాణీ! రాను లేమ్మా, రాను" అని ఆమె వెనక్కి తగ్గింది. ఖాళీ పంజరం పట్టుకుని బయల్దేరుతూ, "రోజూ దానికి తిండి పెడుతున్నావా, నువ్వు తింటున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది.

"ఆదివారం రా. ఇద్దరం కలిసి తిందాం" అన్నాడాయన.

*

చిలుక ఇరవై నాలుగు రోజులు కూర్చుంది. రోజుకి రెండుసార్లు లేచి, నాలుగు గింజలు గబగబా మింగి, నీళ్ళు తాగి, పరుగు లాంటి నడకతో వెనక్కి పోయేది. ఆయన మందుచుక్కలు ఆపిల్ ముక్క మీద వేసి అర అంచున పెట్టేవాడు. పని నుంచి వచ్చాక గుమ్మానికి ఆనుకుని నేలమీద కూర్చునేవాడు. దాన్ని పలకరించలేదు. అదీ ఆయన్ని పట్టించుకోలేదు. గడియ చప్పుడు కూడా ఆ రోజుల్లో చెయ్యలేదు. మూడో వారానికి ఆయన కూర్చునే చోట గోడమీద వీపు మరక పడింది.

ఇరవై అయిదో రోజు పొద్దున చిలుక అరలోంచి బయటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి ముందు ఒక రెక్కా, తర్వాత ఇంకో రెక్కా బారుగా చాచింది. నేలమీదినుంచి ఒక్క ఎగురు ఎగిరి కిటికీ మీద వాలి, వీధిలోకి చూసి, ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆయన క్యారెట్ తురిమి పెడితే గిన్నె ఖాళీ చేసి, నీళ్ళ గిన్నెలోకి దిగి నిండా తడిసింది. ఒక్కసారైనా లోపలి గది వైపు తిరగలేదు.

ఆయన దుకాణానికి వెళ్ళడానికి బట్టలు మార్చుకుని, చెప్పులు వేసుకునేముందు అర సర్దేద్దామని లోపలికి వెళ్ళాడు. వంగి, మడిచిన చొక్కాతో సహా అన్నీ ఒకేసారి ఎత్తబోయి, ఆగాడు. ప్లాస్టిక్‌వి చల్లగా ఉన్నాయి. నాలుగోది మాత్రం, ఆ పలచటి పెంకుది, ఇంకా వెచ్చగా ఉంది. ఆయన దాన్ని ఉన్నచోటే పెట్టేసి, బీరువా ముందు నేలమీద కూర్చున్నాడు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. కిటికీ మీద చిలుక ఈకలు ఆరబెట్టుకుంటోంది.

పదిన్నరకి ఫోను మోగింది.

"బాబాయ్, ఎక్కడున్నావు? షట్టరు తీసి గంటయింది. ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

ఇరవై ఆరేళ్ళలో ఆ దుకాణంలో ఆయన సెలవు అడిగింది భార్య పోయినప్పుడు, అదీ మూడు రోజులు. ఏదో పని ఉందని చెబుదామని నోరు తెరిచాడు.

"మా పాప పోయింది" అన్నాడు.

"ఎవరు బాబాయ్? మీకు పాప ఎక్కడ… ఎప్పుడు పోయింది?"

"పంతొమ్మిదేళ్ళయింది." ఆయన అరచెయ్యి గుడ్డుమీద పెట్టి ఉంచాడు. "ఇవాళ ఒక్కరోజు సెలవివ్వు."